మట్టల ఆదివారం నాటి గాలి

ఇండియానాలో పాతవాళ్ళని ఎప్పుడు పుట్టారని అడిగితే ఏడాది చెప్పరు, గాలి చెబుతారు. "పదిహేడో సంవత్సరం గాలికి నేను చంకబిడ్డని" అంటాడొకాయన. "ఇరవై అయిదు గాలికి మా అమ్మ నాతో నిండు నెలలు" అంటుందొకావిడ. చలికాలం పోతూ పోతూ ఉండగా దక్షిణాన్నించి వెచ్చటి తడిగాలి, కెనడా వైపునించి చలిగాలి వచ్చి ఆ మైదానాల మీద ఢీకొంటాయి. అప్పుడు సుడిగాలి ఒక్కటే రాదు. గుంపుగా వస్తాయి. ఒకే సాయంత్రం ఇక్కడొకటి, అక్కడొకటి, ఒకదాని వెనకే ఇంకొకటి. తరవాత ఏళ్ళ తరబడి ఏమీ ఉండదు. జనం కొత్త కప్పులు వేసుకుంటారు, పిల్లలు పెద్దవాళ్ళవుతారు, మరిచిపోతారు.

లియోటా గ్రీజర్ మరిచిపోలేదు. పంతొమ్మిది వందల ఇరవై అయిదు మార్చిలో ఆమెకి ఎనిమిదేళ్ళు. రాష్ట్రానికి దక్షిణపు కొసన, వాబాష్ నది ఒడ్డున చిన్న ఊరు వాళ్ళది. బడి వదిలాక ఇంటికి నడిచి వస్తోంటే పడమట ఆకాశం నేల మీదికి దిగినట్టు నల్లగా కనిపించింది. బొమ్మల్లో వేసినట్టు తొండంలా ఏమీ లేదు. పొగమంచు గోడలా ఉంది, అంతే. అది దాటిపోయాక చూస్తే ఊరు లేదు. బురదపొలంలో, తెగిన ముళ్ళకంచె పక్కన పడి ఉన్న ఆమెని రైలు పట్టాల పని చేసే మనిషొకడు ఎత్తుకున్నాడు. తన కోటు విప్పి చుట్టాడు. సాయం రైలు వచ్చేదాకా ఒళ్ళో కూచోబెట్టుకుని, ఆమెకి అర్థం కాని భాషలో ఏదో మాట్లాడుతూనే ఉన్నాడు. ఇటలీవాడో, హంగరీవాడో. రైలు రాగానే ఒక నర్సు చేతికిచ్చి వెళ్ళిపోయాడు. పేరేమిటో ఆమెకి తెలియదు. తల్లి ఆ గాలిలోనే పోయింది. తండ్రి పిల్లని ఉత్తరాన తన చెల్లెలి దగ్గరికి పంపేశాడు.

పెరిగి పెద్దదైనా ఆ మనిషికి ఒక్క మాట చెప్పుకోలేకపోయానన్న వెలితి ఆమెకి పోలేదు. చర్చిలో పాస్టరుగారు ఎవరికోసమైనా ప్రార్థించాలా అని అడిగితే, ఏటా ఆ రోజుల్లో ఆమె లేచి ఒకే మాట అనేది: "పేరు తెలియని ఒకాయన కోసం." ఊళ్ళో అందరికీ అలవాటైపోయింది. ఎవరూ వివరం అడిగేవారు కాదు.

ఎల్వుడ్ గ్రీజర్‌ని పెళ్ళి చేసుకుని మార్ల్ క్రీక్ వచ్చాక ఆమె మొదట అడిగింది గౌన్లూ నగలూ లాంటివేమీ కాదు, వంటింట్లో కొత్త పొయ్యి కూడా కాదు. నేలమాళిగ అడిగింది.

"ఇక్కడికి సుడిగాళ్ళు రావు లియోటా. అవి దక్షిణాది సంగతి" అన్నాడు ఎల్వుడ్.

"వాటికి ఆ సంగతి ఎవరు చెప్పారు?"

ఎల్వుడ్ మాటకారి కాదు. పాలావులతో ఎక్కువగా, మనుషులతో తక్కువగా మాట్లాడే రైతు. మార్ల్ క్రీక్‌ది చిత్తడి నేల. కాస్త లోతు తవ్వితే నీళ్ళు పడతాయి కాబట్టి ఆ చుట్టుపక్కల ఏ ఇంటికీ కింద గది ఉండదు. అతను ఇంటి వెనక గులకరాళ్ళ దిబ్బలోకి అడ్డంగా తవ్వాడు. రైలు పట్టాల కింద వేసే పాత దిమ్మలు నిలబెట్టాడు, సిమెంటు పోశాడు, లోపలినించి గడియ పడేలా మందపాటి తలుపు పెట్టాడు. చలికాలమంతా పట్టింది. లియోటా అందులో బంగాళాదుంపలూ, సీసాల్లో పెట్టిన పీచ్ పండ్లూ దాచింది. ఊరికి అది నవ్వులాటైంది.

అందరికంటే ఎక్కువ నవ్వినవాడు రోడ్డుకి అవతలి పొలం ఆసామి డెల్మర్ స్టంప్. పశువుల సంతలో వేలం వేయడం అతని వృత్తి. ఊపిరి తీసుకోకుండా మాట్లాడతాడు. మంచి గొంతు, పెద్ద పొట్ట, పెద్ద నవ్వు. అతని భార్య ఆర్డిత్ సన్నగా, నిదానంగా ఉంటుంది. మొగుడి మాటల మధ్య దొరికిన సందులో తన మాట చెప్పడం ఆమెకి బాగా తెలుసు.

అరవై అయిదు ఏప్రిల్. ఈస్టరుకి ముందు వచ్చే మట్టల ఆదివారం. అంతకు ముందు వారమే పొలాల మూలల్లో మంచు మిగిలి ఉంది. ఆ రోజు మాత్రం ఉన్నట్టుండి వేసవి వచ్చినట్టయింది. మగవాళ్ళు కోట్లు విప్పి చేతుల మీద వేసుకున్నారు. పిల్లలు పాస్టరుగారిచ్చిన మట్టలతో ఒకళ్ళ మెడ మీద ఒకళ్ళు చక్కిలిగింతలు పెట్టుకున్నారు. చర్చి మెట్ల మీద డెల్మర్ ఎదురయ్యాడు.

"ఏమమ్మా లియోటా, నీ బంగాళాదుంపలు క్షేమమేనా? పండగపూట వాటినీ ప్రార్థనకి తీసుకొస్తావనుకున్నా."

"చల్లగా సుఖంగా ఉన్నాయి డెల్మర్. నీకంటే నెమ్మదస్తులు. నోరు తెరవవు."

నలుగురూ నవ్వారు. అందరికంటే గట్టిగా డెల్మరే నవ్వాడు.

"సాయంత్రం భోజనానికి రండి. కోడలు నాడీన్ చంటిపిల్లతో వచ్చింది. వాళ్ళ పుట్టింటివాళ్ళూ వస్తున్నారు. ఆర్డిత్ పంది తొడ కాలుస్తోంది, తేనె పూసి."

"ఆవులు మీలాగా ఆదివారాలు పాటించవు కదా. పాలు పితకాలి" అన్నాడు ఎల్వుడ్. ఆ రోజుకి అతను మాట్లాడిన పెద్ద మాట అదే.

మధ్యాహ్నం రేడియోలో వాతావరణం వాళ్ళు సుడిగాళ్ళు రావచ్చని చెప్పారు. విన్నవాళ్ళు విన్నారు. ఎక్కడ రావచ్చో, వస్తే ఏం చేయాలో ఎవరికీ పట్టలేదు. అంత మంచి ఎండ కాసిన రోజున ఎవరు నమ్ముతారు?

సాయంత్రం పాలు పితుకుతుండగా రేకుల మీద వడగళ్ళు పడ్డాయి. కోడిగుడ్డంతవి కొన్ని. పడ్డంత హఠాత్తుగా ఆగిపోయాయి. లియోటా పాలచెంబు కింద పెట్టి కొట్టం బయటికి వచ్చింది. గాలి లేదు. పిట్ట కూయలేదు. నైరుతి మూల ఆకాశం పాచి పట్టిన నీళ్ళ రంగులో ఉంది. పొలాలన్నీ నిరుటి మోళ్ళతో ఖాళీగా ఉన్నాయి, ఎవరూ దున్నడం లేదు. అయినా దున్నిన మట్టి వాసన కొట్టింది. ఎనిమిదేళ్ళప్పుడు పీల్చిన వాసన.

"ఎల్వుడ్, ఆవుల కట్లు విప్పెయ్. అన్నిటివీ."

అతను ఆమె మొహం చూశాడు. విప్పడం మొదలుపెట్టాడు.

లియోటా రోడ్డు దాటి పరిగెత్తింది. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, రబ్బరు బూట్లతో. డెల్మర్ ఇల్లు కొత్తరకం ఇల్లు. నేల మీద సిమెంటు పలక పోసి కట్టింది, పెద్ద పెద్ద అద్దాల కిటికీలు. లోపల బల్ల చుట్టూ పదిమంది పైనే కూచుని ఉన్నారు. డెల్మర్ కత్తి పట్టుకుని మాంసం కోస్తున్నాడు.

"లేవండి. అందరూ మా నేలమాళిగలోకి రండి. సుడిగాలి వస్తోంది."

"చూశారా, చివరికి బంగాళాదుంపలే మనల్ని పిలవడానికి మనిషిని పంపాయి" అన్నాడు డెల్మర్, చుట్టాలకేసి కన్నుకొడుతూ. "కూచో లియోటా. ఒక ముక్క తిను. వర్షం అది."

"డెల్మర్, నేనా వాసన ఎరుగుదును."

ఆమె గొంతులో ఏముందో గాని నవ్వబోయినవాళ్ళు ఆగిపోయారు. ఆర్డిత్ ముందు లేచింది. చేతిలో రొట్టెల పళ్ళెం అలాగే ఉంది, దాన్ని పెట్టడం మరిచిపోయింది. "నాడీన్, పిల్లని తీసుకో. అమ్మా, మీరు కూడా. నడవండి."

"వంట చల్లారిపోతుందే!" అన్నాడు డెల్మర్.

"చల్లారనీ. నేను ముప్ఫై ఏళ్ళుగా నీ మాట వింటున్నాను. ఇవాళ ఆమె మాట వింటాను."

అందరూ వాకిట్లోకి వచ్చారు. అక్కడినించి ఆకాశం కనిపించింది. అప్పుడిక ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది. మూలనించి ఒక మోత, ఎక్కడో గూడ్సు బండి వంతెన ఎక్కినట్టు, ఆగకుండా వస్తోంది. పరుగు తీశారు. డెల్మర్ కూడా రోడ్డు దాకా వచ్చాడు. వచ్చి ఆగిపోయాడు.

"నా పశువులు కట్టేసి ఉన్నాయి" అన్నాడు.

"డెల్మర్!"

"విప్పేసి వచ్చేస్తాను. మీరు వెళ్ళండి." పెద్ద పొట్ట ఊపుకుంటూ వెనక్కి పరిగెత్తాడు. ఆపడానికి వేళ లేదు.

నేలమాళిగలో కూచోవడానికి చోటు లేదు. బంగాళాదుంపల గోతాల మీద, పీచ్ సీసాల అరలకి ఆనుకుని, ఒకళ్ళ కాళ్ళ మీద ఒకళ్ళు నిలబడ్డారు. ఎల్వుడ్ గడియ వేసి తలుపుకి వీపు ఆనించాడు. చెవులు దిబ్బెళ్ళు పడ్డాయి. నాడీన్ కూతురు ఏడుస్తోందని నోరు చూస్తే తెలుస్తోంది గాని ఏడుపు వినబడటం లేదు. తలుపు ఊపిరి తీసుకుంటున్నట్టు బయటికీ లోపలికీ ఉబ్బింది. ఆర్డిత్ రొట్టెల పళ్ళెం ఇంకా పట్టుకునే ఉంది. ఆమె పెదవులు డెల్మర్ పేరు పలుకుతున్నాయి.

తరవాత మోత తగ్గింది. వాన చప్పుడు మిగిలింది.

బయటికి వచ్చి చూస్తే లియోటా ఇంటి కప్పు సగం లేదు. రోడ్డుకి అవతల డెల్మర్ ఇల్లు అసలే లేదు. సిమెంటు పలక మీద స్నానాల తొట్టి ఒక్కటి మిగిలింది. అతని కొట్టం ఉన్నచోట రాతి పునాది గోడ, దాని మీద దూలాల కుప్ప. పొలంలో ఆవులు అక్కడోటి ఇక్కడోటి నిలబడి ఉన్నాయి, ఏమీ జరగనట్టు ఒకటి గడ్డి మేస్తోంది. ఆర్డిత్ అరవలేదు. "డెల్మర్" అని మామూలుగా, భోజనానికి పిలిచినట్టు పిలిచింది.

"ఇక్కడే ఉన్నా" అని కుప్పలోంచి గొంతు వినిపించింది.

రాతిగోడ మూలలో దొరికాడు. మనిషి బాగానే ఉన్నాడు గాని మోకాలి కింద కాలు మీద పెద్ద ఓక్ దూలం పడి ఉంది. ఎల్వుడ్, లియోటా, నాడీన్ తండ్రి ముగ్గురూ కలిసి ఎత్తబోయారు. దూలం కదల్లేదు.

"ఎద్దు బతికిందా?" అన్నాడు డెల్మర్.

"నీకంటే బాగుంది" అన్నాడు ఎల్వుడ్. "జాకీ తెస్తాను. కదలకు."

"కదలకుండా ఉండటమే ఇప్పుడు నా పని."

ఎల్వుడ్ తన పనిముట్ల పాక వైపు పరిగెత్తాడు. నాడీన్ తండ్రి ఆర్డిత్‌ని పట్టుకుని నేలమాళిగ వైపు తీసుకెళ్ళాడు. గాజు మీద కాలు పెట్టి ఆమె పాదం తెగింది, అది ఆమెకింకా తెలియదు. లియోటా డెల్మర్ పక్కన కూచుని కాలికి తన తలగుడ్డ కడుతోంది. రోడ్డు మీద అప్పుడే ఊరివాళ్ళ బళ్ళు వస్తున్నాయి, సాయానికి. ఎవరో ఎవరి పేరో పెట్టి కేకలు వేస్తున్నారు. అంతటితో అయిపోయిందని అందరూ అనుకున్నారు.

నైరుతి మూల మళ్ళీ మెరిసింది. ఆ మెరుపులో లియోటాకి రెండోది కనిపించింది. మొదటిది వచ్చిన దారినే వస్తోంది. చిన్నప్పుడు చూసినట్టు పొగమంచు గోడ కాదు. రెండు స్తంభాలు, ఒకదాన్నొకటి చుట్టుకుంటూ.

ఎల్వుడ్ జాకీ పట్టుకుని రోడ్డు మధ్యకి వచ్చాడు. అతనూ చూశాడు.

"వెనక్కి పో!" అని అరిచింది లియోటా. "నాడీన్ పిల్లతో బయటికొచ్చింది. అందరినీ లోపలికి తొయ్యి. ఆ బళ్ళవాళ్ళని కూడా. నువ్వు లేకపోతే తలుపు నిలవదు."

"నిన్ను వదిలేసా?"

"ఎల్వుడ్! పో!"

పెళ్ళయి ఇరవై ఏడేళ్ళయింది. ఆమె అరవడం అతనెప్పుడూ వినలేదు. జాకీ ఆమె వైపు విసిరి, వెనక్కి తిరిగి, దారిలో బళ్ళవాళ్ళని చొక్కాలు పట్టి లాక్కుంటూ పరిగెత్తాడు.

జాకీ పెట్టడానికి గట్టి చోటు లేదు, అంతా గడ్డీ పేడా. లియోటా ఒకసారి ప్రయత్నించి వదిలేసింది.

"నువ్వు కూడా పోవే" అన్నాడు డెల్మర్. మొదటిసారి అతని గొంతులో నవ్వు లేదు. "పరిగెత్తితే అందుకుంటావు. నీకేం పట్టింది?"

"నోరు మూసుకుని తల వంచు."

పక్కనే పశువుల మేత తొట్టి తలకిందులై పడి ఉంది. మందపాటి చెక్క తొట్టి. దాన్ని ఈడ్చుకొచ్చి ఇద్దరి తలల మీదికీ వాల్చింది, రాతిగోడకి ఆనించి. తను గోడకీ అతనికీ మధ్య దూరింది. అతని చెయ్యి వెతికి పట్టుకుంది. పెద్ద చెయ్యి, చెమటతో చల్లగా ఉంది.

"లియోటా, నాకు భయమేస్తోంది."

"నాకూను."

మోత దగ్గరవుతోంది. లియోటా మాట్లాడటం మొదలుపెట్టింది. ఏం మాట్లాడుతోందో తనకే తెలియదు. పీచ్ పండ్లు ఎలా ఉడకబెట్టాలో చెప్పింది. చక్కెర ఎంత, లవంగాలు ఎన్ని. తన పాలావుల పేర్లన్నీ చెప్పింది. ఏది తన్నుతుందో, ఏది తన్నదో. చర్చి పియానోలో మోగని మెట్టు గురించి చెప్పింది. "వింటున్నావా డెల్మర్?" "వింటున్నా, లవంగాలు ఎన్నన్నావు?" "నాలుగు." మోత ఆమె గొంతు మింగేసింది. ఆమె ఆపలేదు. పెదవులు ఆగితే గుండె ఆగిపోతుందేమోనన్నట్టు మాట్లాడింది. తొట్టి మీద ఏవేవో వచ్చి పడుతున్నాయి. గోడరాళ్ళు వీపు కింద కదిలాయి. ఆ చేతిని ఆమె ఎంత గట్టిగా పట్టుకుందంటే, తరవాత వారం రోజులు డెల్మర్ వేళ్ళు నల్లగా కమిలి ఉన్నాయి.

అప్పుడే, ఆ చప్పుడు మధ్యలో, ఆ రైలు పట్టాల మనిషి ఆమె కళ్ళముందుకి వచ్చాడు. ఇన్నాళ్ళూ ఆమెకి గుర్తున్నది ఆ కోటూ, ఆ గొంతూ. ఇప్పుడు ఇంకోటి గుర్తొచ్చింది. ఆయన ఒళ్ళంతా వణుకుతూ ఉండింది. ఆమె చెవి ఆయన ఛాతీకి ఆని ఉంది కదా, లోపల గుండె పరిగెడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. చిన్నపిల్ల, అది చలి అనుకుంది. ఆయన తనని ఓదార్చడానికి మాట్లాడుతున్నాడనుకుంది. కాదు, లేదా అది ఒక్కటే కాదు. ఊరుకాని ఊళ్ళో, భాష కాని భాషలో, చుట్టూ శవాల మధ్య ఒంటరిగా నిలబడ్డ మనిషికి పట్టుకోవడానికి బతికున్న పిల్ల ఒకటి దొరికింది. ఆయన తనని మోశాడు. తనూ ఆయనని మోసింది.

నలభై ఏళ్ళుగా ఛాతీలో ఉన్న బరువేదో అక్కడ, ఆ మేత తొట్టి కింద, దిగిపోయింది. ఆమె ఏడ్చింది. డెల్మర్ చెయ్యి వదలకుండానే ఏడ్చింది.

రెండో గాలి రోడ్డుకి దక్షిణంగా వంగింది. దాని అంచు మాత్రమే వాళ్ళని తాకింది. రాతిగోడ నిలిచింది. నేలమాళిగ తలుపు నిలిచింది. ఎల్వుడ్ పదిమందిని వెంటబెట్టుకుని వచ్చి తొట్టి ఎత్తేసరికి, లియోటా మొహమంతా మట్టి, ఆ మట్టి మీద కన్నీటి చారలు. ఆమె డెల్మర్ వైపు తిరిగి చెబుతోంది: "చాలా థాంక్స్ డెల్మర్. నీ మేలు మరిచిపోను."

"ఈమెకి తలకి దెబ్బ తగిలింది, ముందు ఈమెని చూడండి" అన్నాడు డెల్మర్.

ఆ సాయంత్రం ఇండియానాలో వందమందికి పైగా పోయారు. చుట్టుపక్కల రాష్ట్రాల్లో ఇంకా ఎంతోమంది. మొదటి గాలికి బతికి బయటికొచ్చినవాళ్ళూ, సాయానికి పోయినవాళ్ళూ రెండోదానికి దొరికిపోయిన చోట్లున్నాయి. మార్ల్ క్రీక్‌లో ఇద్దరు పోయారు. మిల్లు దగ్గర ఒంటరిగా ఉండే ముసలాయన ఒకరు, చక్రాల మీద కదిలే రేకుల ఇంట్లో కాపురం పెట్టిన కొత్త పెళ్ళికొడుకు ఒకరు. గ్రీజర్ల నేలమాళిగలోకి వెళ్ళినవాళ్ళలో ఒక్కరికీ ఏమీ కాలేదు, ఆర్డిత్ పాదానికి పడ్డ నాలుగు కుట్లు తప్ప.

డెల్మర్ కాలు రెండుచోట్ల విరిగింది. ఆస్పత్రిలో ఉంచేశారు. తెల్లారేసరికి కరెంటు లేదు, పాలు పితికే యంత్రం ఆడదు, డెల్మర్ ఆవులు పొదుగులు బిగిసి అరుస్తున్నాయి. లియోటా, ఆర్డిత్ చెరో ముక్కాలిపీట వేసుకుని కూచున్నారు. ఆర్డిత్ చేత్తో పాలు పితికి ఎన్నో ఏళ్ళయింది. మొదటి ఆవు ఆమెని తన్నబోయింది.

"దానికి నువ్వెవరో చెప్పు" అంది లియోటా.

"అందరికీ చెబుతున్నా. ఇల్లు లేని ఆర్డిత్‌ని అని." అని ఆర్డిత్ ఆవు డొక్కకి నుదురు ఆనించింది. తరవాత పాలు చెంబులో పడుతున్న చప్పుడు వచ్చింది. "పదిమందిమి బల్ల దగ్గర కూచుని ఉన్నాం లియోటా. మాంసం కోస్తున్నాడు."

"తెలుసు."

"నువ్వు రాకపోయి ఉంటే..."

"వచ్చాను కదా. ఆ చెంబు జరుపు, నిండిపోయింది."

ఆ పొద్దున్నే గుర్రబ్బళ్ళ మీద ఆమిష్ వాళ్ళు, కార్లూ కరెంటూ వాడని మతం వాళ్ళు, వచ్చారు. సుత్తులు, రంపాలు, పెద్ద గిన్నెల్లో సూపు తెచ్చారు. గ్రీజర్ల ఇంటి మీద కప్పు వేసి, సూపు వడ్డించి, ఎక్కువ మాట్లాడకుండా ఇంకో ఇంటికి వెళ్ళారు. వారం తిరక్కుండా డెల్మర్ కొట్టం దూలాలు లేచాయి. ఆర్డిత్, కోడలూ, పిల్లా గ్రీజర్ల ఇంట్లోనే ఉన్నారు. ఎల్వుడ్ చంటిపిల్లని ఒళ్ళో వేసుకుని పాలావుల గురించి చెబుతుండటం చూసి లియోటా వంటింట్లో దాక్కుని నవ్వుకుంది.

చిక్కు పొలాలతో వచ్చింది. మే నెల దగ్గర పడుతోంది, దున్నాలి. డెల్మర్ పొలం నిండా గాజుపెంకులు, మేకులు, చీలిన రేకులు, ఎవరివో ఇళ్ళ ముక్కలు. ట్రాక్టరు దిగితే టైర్లు పోతాయి. ఆవులు మేస్తే పేగులు కోసుకుపోతాయి. డెల్మర్ కట్టు కట్టిన కాలుతో మంచం మీదనుంచి ఈ ఏడు పంట లేదని తేల్చేశాడు.

ఒక శనివారం పొద్దున్న స్కూలు బస్సు ఒకటి వచ్చి పొలం గట్టున ఆగింది. దాని వెనక ఇంకోటి. తరవాత కార్లు, గుర్రబ్బళ్ళు. ఎక్కడెక్కడి చర్చీలవాళ్ళో, ఊరూ పేరూ తెలియనివాళ్ళు. ఒహాయో నించి కూడా వచ్చారు. ఎవరు పిలిచారంటే ఎవరికీ సరిగ్గా తెలియదు. చేతికి చెయ్యి అందేంత దూరంలో వరసగా నిలబడ్డారు, పొలం ఈ అంచునించి ఆ అంచు దాకా. తలలు వంచి, అడుగు వేస్తూ, ఏరుతూ నడిచారు. లియోటా వరస మధ్యలో ఉంది. ఆమెకి కుడివైపు లాయరులా కనిపించే మనిషి, మంచి బూట్లు పాడైపోతున్నాయి. ఎడమవైపు ఆమిష్ ముసలావిడ, ఏప్రన్‌లో గాజుపెంకులు ఏరిపోసుకుంటోంది. దొరికినవన్నీ విచిత్రాలు. సగం గడియారం. కుట్టు మిషను పాదం. పగలని కోడిగుడ్డు బొమ్మ, పింగాణీది. ముసలావిడ దాన్ని ఎత్తి చూపించింది, ఇద్దరూ నవ్వారు.

మధ్యాహ్నం చెక్కబల్లలు వేసి ఊరి ఆడవాళ్ళు భోజనాలు పెట్టారు. బంగాళాదుంపల సలాడు, సూపు, చల్లటి మాంసం, పండ్లు కూరి కాల్చిన రకరకాల పైలు. డెల్మర్‌ని కుర్చీతో సహా మోసుకొచ్చారు. ఒక్క నిమిషం మాట్లాడతానన్నాడు.

"ఒక్క నిమిషమేనట" అంది ఆర్డిత్.

ఒక్క నిమిషం కాలేదు. వేలంపాట గొంతుతో అందరికీ కృతజ్ఞతలు చెప్పడం మొదలుపెట్టాడు. బస్సు డ్రైవర్లకి చెప్పాడు, గుర్రాలకి చెప్పాడు, ఆ ఓక్ దూలానికి కూడా చెప్పాడు, అది కాలి మీద పడింది గాని నెత్తిన పడలేదని. "ఇహ లియోటా సంగతి. ఇరవై ఏళ్ళుగా ఆమె బంగాళాదుంపల గొయ్యి చూసి నవ్వాను. ఆమె వచ్చి నా వాళ్ళందరినీ తీసుకెళ్ళి అందులో పెట్టింది. తరవాత వచ్చి నా పక్కన పడుకుంది" అని ఆగాడు. "ఎల్వుడ్, అలా చూడకు, మేత తొట్టి కింద." నవ్వులు. "ఇన్ని చేసి, అంతా అయ్యాక ఈ మనిషి నాకు థాంక్స్ చెప్పింది! నాకు! నేనేం చేశాను? చెయ్యి ఇచ్చాను, అదీ ఆమే లాక్కుంది. ఎందుకే తల్లీ అని అడిగితే చెప్పదు. ఇవాళ ఇంతమంది ముందు అడుగుతున్నాను. ఎందుకు?"

అందరూ ఆమె వైపు చూశారు. లియోటా చేతిలో పీచ్ పై ముక్క ఉంది. మొహం ఎర్రబడింది.

"ఒక్కదాన్నే ఉంటే చచ్చిపోయేదాన్ని డెల్మర్, భయంతోనే. నువ్వున్నావు" అంది. ముక్క బల్ల మీద పెట్టి, "అందుకు" అంది.

డెల్మర్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆర్డిత్ సందు దొరికిందని, "సూపు చల్లారిపోతోంది, తినండి" అంది. జనం తిన్నారు.

పొద్దు వాలేలోగా వరస పొలం చివరికి చేరింది. గట్టున చెత్త కొండలా పడింది. బస్సులు ఎక్కుతున్నవాళ్ళకి లియోటా, ఆర్డిత్ మిగిలిన పైలు కాగితాల్లో చుట్టి ఇచ్చారు. ఎల్వుడ్ ఎవరికీ చెప్పకుండా ట్రాక్టరు తెచ్చి డెల్మర్ పొలంలో దించాడు. నాగలి నేలలో దిగింది, నల్లటి మట్టి మెరుస్తూ తిరగబడింది. టైరు పేలలేదు. కుర్చీలో కూచున్న డెల్మర్ అక్కణ్ణించే చాలు వంకరగా పోతోందని కేకలు పెట్టాడు. ఎల్వుడ్ వినిపించనట్టు దున్నుకుంటూ పోయాడు.

లియోటా గట్టు మీద కూచుని బూట్లు విప్పింది. ఆర్డిత్ వచ్చి పక్కన కూచుంది.

"ఈ మూలంతా మొక్కజొన్న వేస్తానంటున్నాడు" అంది ఆర్డిత్. "ఆలస్యమైంది. వస్తుందంటావా?"

"వస్తుంది" అంది లియోటా. "వానలు బాగున్నాయి."